గుర్తు పెట్టని వంతెన

శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఎదురుగా ఉన్న కర్రీ పాయింట్ గోడ గడియారంలో చూసి చెబుతున్నాను. ఆ గడియారం రెండు నిమిషాలు ముందు నడుస్తుందని దాని యజమానురాలే ఒప్పుకుంటుంది కాబట్టి పన్నెండు ముప్ఫై ఎనిమిది అనుకున్నా తప్పు లేదు. ప్రొఫెసర్ గారి భార్య గంజి చీర బల్ల మీద పరిచి ఇస్త్రీ చేస్తున్నాను. ఫోన్ మోగింది. తొమ్మిది రోజుల తర్వాత మోగింది. చేతిలోని ఇస్త్రీ పెట్టె చీర మీదనే వదిలేసేదాన్నే, ఎట్లాగో ఇటుక మీదికి దించాను.

"అవ్వా, క్లాసుకు పోతున్న," అన్నది ఆ పిల్ల. తిట్టిన సంగతీ లేదు, అలిగిన సంగతీ లేదు. "ఇయ్యాల తొమ్మిదింటికల్లా క్లాసుల లేకుంటే పేరు కొట్టేస్తమని మెయిల్ పెట్టిన్రు. నువ్వు లైన్ల ఉండు. పెట్టెయ్యకు."

"పెట్టెయ్య," అన్నాను. "నడువు."

అక్కడ అప్పుడు పొద్దున ఎనిమిది దాటింది. ఆమెకు ఇంకో గంట కూడా లేదు.

ఆ పిల్ల ఎవరో, నేనెవరో చెప్పాలి. నాది ఇస్త్రీ బండి. తార్నాకలో యూనివర్సిటీ వెనక గేటుకు పోయే సందు మొదట్లో ఉంటుంది. హాస్టల్ పిల్లల బట్టలు, చుట్టుపక్కల మేష్టర్ల ఇళ్ల బట్టలు, కొన్నాళ్లు విద్యానగర్ దాకా కూడా మూటలు మోశాను. ఇన్ని ఇళ్ల బట్టలు అక్షరం ముక్క రాకుండానే ఏనాడూ కలవనియ్యలేదు. మా చాకలోళ్లకు గుర్తులుంటాయి. నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట మూలన చిన్న గుర్తు పెట్టి, పైన తడిసున్నం అద్దితే బట్ట చిరిగిందాకా పోదు. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి చుక్క మీద గీత, ఒక ఇంటికి కాకి కాలు. ఇప్పుడు జీడిగింజలు పోయి పెన్నులొచ్చాయి. గుర్తులు మాత్రం మా అత్త నేర్పినవే. మా ఇంటి బట్టలకు ఒక్కదానికీ గుర్తు పెట్టం. మూటలో గుర్తు లేని బట్ట కనబడితే అది మనది. అంతే లెక్క.

ఆ పిల్ల సూర్యాపేట అవతలి పల్లెటూరునుంచి ఎం.ఏ. చదవడానికి వచ్చి హాస్టల్‌లో చేరింది. తల్లి ఊళ్లో అంగన్‌వాడీ ఆయా. మొదటిసారి వచ్చినప్పుడే చున్నీ మూలన పేరు రాసి తెచ్చింది.

"పేరెందుకు రాసినవ్? నాకు చదువు రాదు," అన్నాను.

"మరెట్ల గుర్తుపడ్తవ్?"

"నీకు సున్నల చుక్క పెడ్త."

నేను పెట్టిన గుర్తును తిప్పి తిప్పి చూసింది. "దీనికి తలకట్టు పెడితే ఠ అయితది అవ్వా. నీకు ఒక అక్షరం వచ్చేసింది. ఇంక యాభై ఐదు నేర్చుకుంటే అయిపాయె."

అప్పటికి నాకు అరవైకి దగ్గర. నవ్వి పొమ్మన్నాను. పోలేదు. సాయంత్రం క్లాసులయ్యాక వచ్చి బండి పక్క స్టూలు మీద కూర్చునేది. ఇస్త్రీ బల్ల మీద పరిచిన దుప్పటే మాకు పలక. నీళ్ల గిన్నెలో వేలు ముంచి ఒక అక్షరం రాసేది, కింద నేను రాసేదాన్ని. తప్పు పోతే వేడి పెట్టె ఒక్కసారి లాగితే ఆవిరై పోయేది. ఏడాదిన్నరలో బట్టలు చుట్టిచ్చే పేపరు కాగితం చదవడం వచ్చింది. తర్వాత కాగితం కోసమే పాత పేపర్లు ఎక్కువ కొనడం మొదలుపెట్టాను. చదివేసరికి బట్టలు చుట్టడం ఆలస్యమై, గిరాకీలు గొణిగేవాళ్లు. ఆ పిల్ల బట్టలకు ఎప్పటినుంచో గుర్తు పెట్టడం మానేశాను. ఆ సంగతి ఆమెకు నేను చెప్పలేదు. ఆమే చూసి ఉంటుంది, ఆమె కూడా అడగలేదు.

అట్లాంటిది ఒక రోజు పరుగెత్తుకొచ్చి, యూరప్‌లో ఒక ఊరికి ఎక్స్‌చేంజ్ స్టూడెంట్‌గా ఎంపికయ్యానని చెప్పింది. ఒక సెమిస్టర్ అక్కడి యూనివర్సిటీలో చదవాలి. అక్కడి పిల్ల ఒకతి ఇక్కడికొచ్చి చదువుతుంది.

"అంటే అదలాబదలా," అన్నాను.

"గంతే అవ్వా."

"బట్టలే కలవనియ్యను నేను. మనుషుల్ని మారుస్తరా?"

కర్రీ పాయింట్ ఆమె పడిపడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎండాకాలం బట్టలు ఒక మూట కట్టి నా దగ్గర పెట్టి పోయింది పిల్ల. పోయిన వారానికి తెల్ల పిల్ల దిగింది. పొడుగ్గా, ఎండకు ఎర్రబడిన ముక్కుతో, చేతిలో రెండు జీన్స్, మూడు చొక్కాలు. ఉన్నమాట చెబుతున్నాను, ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ ఉండకూడదు, ఉండింది. మా పిల్లను తీసుకుని దీన్నిచ్చారు అనిపించేది. ఆమె బట్టలు అందరివీ అయ్యాక చేసేదాన్ని. రెండుసార్లు ఉత్త చేతుల్తో పంపాను. "నో ప్రాబ్లం, అవ్వా," అని పోయేది.

మా పిల్ల రోజూ మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో వీడియో కాల్ చేసేది. లేచి టీ తాగుతూ నాకు ఊరు చూపించేది. రోడ్లకు బదులు నీళ్లు. నీళ్లకు రెండు పక్కలా ఒకదాన్నొకటి ఆనుకున్న సన్నటి ఇళ్లు, కొన్ని ముందుకు తూలినట్టు వంగి ఉండేవి. ప్రతి ఇంటి నెత్తిన ఒక ఇనుప కొక్కెం. మెట్లు ఇరుకని బీరువాలూ మంచాలూ తాడు కట్టి కిటికీలోంచి పైకి లాగుతారట. నీళ్ల మీద పడవలు, పడవల్లోనే కాపురాలు. ఒక పడవ మీద తాడు కట్టి బట్టలారేసి ఉన్నాయి. దగ్గరికి పోయి చూపించమన్నాను. తెల్ల దుప్పటి పసుపెక్కి ఉంది.

"ఆ నీళ్లల్ల బట్టలు ఉతుకుతరా?"

"లేదవ్వా, దిగితే పోలీసులొస్తరు."

"అన్ని నీళ్లు పెట్టుకొని ఒక్క రేవు లేదా?"

"బాతులకు ఉన్నది," అన్నది.

అట్లా రోజుకొక సందు చూశాం. ఒక రోజు పూల పడవలు, ఒక రోజు నీళ్లలో పడిన సైకిళ్లను కొక్కెంతో ఎత్తే ఓడ. నేను కుడికి పొమ్మంటే కుడికి పోయేది, ఎడమకు పొమ్మంటే ఎడమకు. తార్నాక నుంచి మెట్టుగూడ దాకా కూడా ఊరికే నడిచి ఎరగని దాన్ని, ఆ ఊళ్లో రోజూ అరగంట తిరిగాను.

నాకు సరదా. ఆ పిల్లకు కాదని ఆలస్యంగా తెలిసింది. ఆ ఊరి కాలువలు ఉల్లిగడ్డ కోసినట్టు ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. ఒక వంతెన లాగే ఇంకో వంతెన. పేర్లు మూరెడు మూరెడు. పోయినచోటికే తిరిగి వచ్చేది. ఫోన్‌లో దారి చూద్దామంటే బాణం గిరగిర తిరిగేది, చలికి ఫోనే చచ్చిపోయేది. మొదటి క్లాసుకే గంట ఆలస్యంగా పోయింది. తలుపు తీసేసరికి అందరూ తిరిగి చూశారట. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే ఆమెను కాల్చింది. తర్వాత పోవడం మానేసి రూంలో పడుకుంది. నాకు ఊరు చూపించేది రూం చుట్టుపక్కల నాలుగు సందులే. నేనే పెద్ద ఊరు చూస్తున్నాననుకున్నాను.

తెలిసినంక నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. "పేర్లు చదవకు. గుర్తులు పెట్టుకో. చదువొచ్చినోళ్లు పేర్లతోని పరేషాన్ అయితరు."

"వంతెనకు జీడిరసం పెడితే జైల్ల ఏస్తరు అవ్వా."

"కాగితం మీద పెట్టు."

దారిలోని ఒక్కో వంతెన ఫొటో నెట్‌లో తీసి చూపిస్తే నేనే గుర్తులిచ్చాను. పూలకుండీలున్న దానికి ప్రొఫెసర్ గారింటి గుర్తు, రెండు చుక్కలు. సైకిళ్లు వేలాడేసి ఉన్న దానికి మగపిల్లల హాస్టల్ గుర్తు, కాకి కాలు. సింహం బొమ్మున్న దానికి హాస్టల్ వాచ్‌మన్ గుర్తు, నిలువు గీత. మధ్యలో రెండుగా చీలినట్టు సందున్న వంతెనకు కర్రీ పాయింట్ గుర్తు, అర్ధచంద్రం, ఎందుకంటే అది నోరులాగుంది. రూంనుంచి క్లాసు దాకా ఎనిమిది వంతెనలు. ఆ పిల్ల కాగితం మీద ఊరంతా మా చాకలి రాతలో రాసుకుంది.

రెండు రోజులు బయల్దేరి సగం దూరం పోయి వచ్చింది. మూడో రోజు వానలో దారి తప్పి, ఒక బల్ల మీద కూర్చుని ఫోన్ చేసింది. ముఖమంతా తడి. వాన ఎంతో, ఏడుపు ఎంతో నాకు తెలియలేదు.

"వచ్చేస్త అవ్వా. నాతోని కాదు. టికెట్ చూస్తున్న."

వస్తే ఇక్కడి సెమిస్టర్ కూడా పోతుంది. ఏడాది పోతుంది. తల్లికి ఏం చెబుతుంది? నా లోపల మాత్రం ఇంకొకటి లేచింది: వస్తే రానీ, సాయంత్రం మళ్లీ స్టూలు మీద కూర్చుంటుంది. అది లేచినందుకు నా మీద నాకే మంట పుట్టింది. ఆ మంట ఆ పిల్ల మీద పోశాను.

"వస్తే రా. నా బండి దిక్కు మాత్రం రాకు. నువ్వు నేర్పిన అచ్చరాలు నీకే ఇచ్చేస్త, తీస్కపో."

ఫోన్ పెట్టేసింది.

తొమ్మిది రోజులు. రోజూ పన్నెండున్నరకు చేయి ఫోన్ మీదికి పోయేది. కలపలేదు. అన్న మాట నాది, దాన్ని నేనే వెనక్కి తీసుకోలేకపోయాను. ఆమె మూట విప్పి, ఇస్త్రీ చేసి మడిచిన బట్టలనే మళ్లీ తడిపి మళ్లీ చేశాను. ఫోన్‌లో అక్షరాలు కొట్టడం నాకు రాదు. ఒక మధ్యాహ్నం దుప్పటి మీద నీళ్లతో 'తిన్నవా' అని రాశాను. అక్షరాలు ఎండేదాకా చూసి, పెట్టె లాగేశాను. ఆ సందులో పోయే ప్రతి చున్నీ ఆమెదే అనిపించేది. వెనక్కి వచ్చేసిందేమో, వచ్చి నా మాటకు ఇటు రావడం లేదేమో అని హాస్టల్ వాచ్‌మన్‌ను రెండుసార్లు అడిగాను. "రాలే అవ్వా, వస్తే మొదలు నీకే చెప్త," అన్నాడు. వాడు అట్లా అన్నప్పుడల్లా మంచిదనీ అనిపించేది, ప్రాణం జారినట్టూ ఉండేది.

అందుకే ఆ శుక్రవారం ఫోన్ మోగేసరికి పెట్టె చేతిలోంచి జారబోయింది.

ఫోన్‌ను నీళ్ల గిన్నెకు ఆనించి నిలబెట్టాను. ఆ పిల్ల ఒక చేత్తో గుర్తుల కాగితం, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని నడుస్తోంది. ఊపిరి పొగలా కనబడుతోంది. నేను గుర్తుల వరస నోటికి చెబుతున్నాను, ఆమె ముందున్న వంతెన చూపిస్తోంది.

"కాకి కాలు దాటినవా?"

"దాటిన."

"ఇప్పుడు రెండు చుక్కలు రావాలె."

ప్రొఫెసర్ గారి భార్య చీర కోసం వచ్చింది. వాళ్లది కోస్తా వైపు, ముప్ఫై ఏళ్లుగా వెనక సందులో ఉంటున్నారు. "ఏంటిది, నా చీర సగం చేసి ఫోను చూస్తూ కూర్చున్నావా?" అంది.

"జర ఆగమ్మా. పిల్ల మీ వంతెన దగ్గరికి వస్తున్నది."

"మా వంతెనేమిటి?" అని వంగి చూసింది. ఫోన్‌లో పూలకుండీలు కనబడ్డాయి. విషయం చెప్పాను. చీర మాట మళ్లీ ఎత్తలేదు. హాస్టల్ వాచ్‌మన్ టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. సింహం వచ్చినప్పుడు అది తన గుర్తని చెబితే మీసం దువ్వుకున్నాడు. కర్రీ పాయింట్ ఆమె గరిటెతో సహా వచ్చింది. "నాది ఏది?" అన్నది. "వస్తది, నోరున్నది," అన్నాడు వాచ్‌మన్. "నీ పప్పుల ఉప్పు తక్కువ పడ్తది ఇంక," అన్నది ఆమె.

అర్ధచంద్రం దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎనిమిదీ నలభై. ఆ పిల్ల వంతెన ఎక్కబోతుండగా గంట కొట్టింది. ఎర్ర దీపం వెలిగింది. మా కళ్ల ముందే రోడ్డు మధ్యకు చీలి రెండు ముక్కలూ ఆకాశంలోకి లేచాయి. కింద ఇసుక పడవ ఒకటి, పురిటి మనిషి నడకలా, మెల్లగా వస్తోంది.

గుర్తు ఇచ్చింది నేను. నోరులాగుందన్నది నేను. ఆ నోరు తెరుచుకుంటుందని నాకు తట్టలేదు. నేను గుర్తులు పెట్టింది ఇళ్లకు. ఇల్లు పొద్దున ఎక్కడుందో సాయంత్రమూ అక్కడే ఉంటుంది. వంతెన లేచి నిలబడుతుందని ఏ చాకలిది అనుకుంటుంది?

"ఎంతసేపు పడ్తది?" అన్నాను.

"పదిహేను నిమిషాలన్న పడ్తది. ఎనక ఇంకో పడవ ఉన్నది." ఆమె వెనక్కి ఒక అడుగు వేసింది. "ఇగ అయిపాయె అవ్వా. ఎనుకకు పోత. నీ మీద కోపంతోని కాదు."

కర్రీ పాయింట్ ఆమె గరిటె కిందికి దించింది. అప్పుడు నా వెనక ఎవరో ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడైంది. తెల్ల పిల్ల. బట్టల సంచితో ఎప్పుడొచ్చిందో. ఫోన్‌లోంచి వస్తున్న ఆ గంట చప్పుడు విని నిలబడిపోయింది. మేం ఫోన్ చూస్తున్నట్టు కాదు, మన ఇంటి తలుపు చప్పుడు దూరాన వినబడితే ఎట్లా చూస్తామో అట్లా చూస్తోంది. సంచి కింద పెట్టి, నన్ను భుజంతో పక్కకు జరిపి, ఫోన్ దగ్గర ముఖం పెట్టింది.

"బ్యాక్. గో బ్యాక్. లెఫ్ట్," అన్నది. "గ్రీన్ డోర్ చూడు. స్మాల్ సందు."

సందు అనే మాట నా దగ్గరే నేర్చుకుంది.

మా పిల్ల వెనక్కి తిరిగి ఉరికింది. ఫోన్‌లో ఇళ్లూ ఆకాశమూ కలిసి ఊగాయి. ఆకుపచ్చ తలుపు, దాని పక్కన మనిషి పట్టేంత సందు. తెల్ల పిల్ల ఇంగ్లీషులో చెబుతోంది, మా పిల్ల పోతోంది. కుడి, మళ్లీ కుడి, మెట్లు దిగు. ఒక చోట నీలం సైకిల్ ఆనించి ఉన్న ఇల్లు దాటారు. కిటికీలో దీపం వెలుగుతోంది, లోపల ఎవరిదో చేయి కదిలింది. తెల్ల పిల్ల ఆ కిటికీ మీద వేలు పెట్టింది.

"మై హౌస్," అన్నది మెల్లగా.

మా పిల్ల అడుగు ఆపింది. "ఆగాల్నా?" అని తెలుగులోనే అడిగింది.

"నో. గో. గో."

నాకు ఇంగ్లీషు రాదు. ఆ 'గో' నాకు అర్థమైంది. తొమ్మిది రోజుల కింద నేను అనాలనుకున్నదీ అదే మాట. ఆమెలాగా అనడం నాకు చేతకాలేదు. ప్రొఫెసర్ గారి భార్య ఆ పిల్ల వీపు మీద చేయి వేసింది.

సందు చివర ఒక చెక్క వంతెన. ఒక మనిషి పోతే ఇంకో మనిషి ఆగాల్సినంత ఇరుకు. దాని అవతల ఎర్ర ఇటుకల గోపురం, అదే వాళ్ల యూనివర్సిటీ. వంతెన నడుమ ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, ఫోన్ తన ముఖానికి తిప్పింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

"అవ్వా, ఇది కాగితంల లేదు. దీనికేం గుర్తు పెట్టాలె?"

"పెట్టకు," అన్నాను.

"రేపు మర్చిపోత."

"మర్చిపోవు. గుర్తు లేంది మనది."

తల ఊపింది. ఫోన్ జేబులో వేసుకుంది, పెట్టెయ్యలేదు. ఇంక మాకు చీకటే కనబడింది. బూట్ల చప్పుడు, పెద్ద తలుపు కిర్రుమన్న చప్పుడు, మెట్లు. తర్వాత ఎవరిదో మగ గొంతు ఏదో అడిగింది. ఆమె తన పేరు చెప్పింది. కుర్చీ లాగిన చప్పుడు. కర్రీ పాయింట్ గడియారం ఒంటిగంట ఇరవై తొమ్మిది చూపిస్తోంది. రెండు నిమిషాలు తీసేస్తే అక్కడ తొమ్మిదికి ఇంకా మూడు నిమిషాలుంది.

తర్వాత రోజూ పోయింది. సెమిస్టర్ పూర్తి చేసింది. వచ్చి బండి దగ్గరికే వచ్చింది, స్టూలు మీదనే కూర్చుంది, ఎవరమూ ఆ తొమ్మిది రోజుల ఊసెత్తలేదు. తెల్ల పిల్ల ఉన్నన్నాళ్లూ ఆమె చొక్కాలకు మళ్లీ గుర్తు పెట్టలేదు నేను. ఆమె తిరిగిపోయి చాలా కాలమైంది. మా పిల్ల ఇప్పుడు వరంగల్‌లో పాఠాలు చెబుతోంది. ఆదివారం ఫోన్ చేస్తుంది, కానీ నడుస్తూ చేయదు. ఆమె తెచ్చిచ్చిన ఆ గుర్తుల కాగితం బండి రేకు కింద అంటించి ఉంది. గుర్తులన్నీ ఉన్నాయి. అర్ధచంద్రం దగ్గరినుంచి ఎడమకు ఒక సన్న గీత పోతుంది, ఆ గీత చివర ఖాళీ.

పన్నెండున్నర అయితే ఇప్పటికీ చేయి ఆగుతుంది. అక్కడ పొద్దు పొడిచి ఉంటుంది, ఎవరో ఆ చెక్క వంతెన దాటుతుంటారు అనుకుంటాను. ఒక్కసారి దాని మీద నిలబడాలని ఉంది. పాస్‌పోర్టు లేదు, మోకాళ్లు లేవు. అయినా ఉంది. ఆ రోజునైతే నేను అక్కడే ఉన్నాను, దాన్ని ఎవరూ కాదనలేరు. నాతో ఉన్నవాళ్లను కూడా రాసి పెడుతున్నాను, నా తర్వాత ఎవరికైనా తెలియాలి.

ప్రొఫెసర్ గారి భార్య, సగం ఇస్త్రీ అయిన చీరతో. హాస్టల్ వాచ్‌మన్, చల్లారిన టీ గ్లాసుతో. కర్రీ పాయింట్ ఆమె, లోపల పప్పు మాడుతున్నా కదలకుండా. తెల్ల పిల్ల, బట్టల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని. నేను. మా పిల్ల. ఆ కిటికీలో చేయి కదిపిన మనిషి, తెల్ల పిల్ల తల్లి. ఆ చేయి తల్లిదని ఆ సాయంత్రం ఆమే చెప్పింది. తనూ ఆ రోజు మాతో ఉన్నట్టు ఆ తల్లికి మాత్రం తెలియదు.